ప్రొలాక్టిన్ ఎక్కువగా వచ్చిందా? కారణాన్ని ఇలా వరుసగా వెతకండి

మా చెల్లికి మూడు నెలలుగా పీరియడ్స్ సరిగ్గా రావడం లేదు. డాక్టర్ రాసిన పరీక్షలన్నీ చేయించుకుంది. రాత్రి ఎనిమిదింటికి ఫోన్‌కి రిపోర్ట్ వచ్చింది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ 68 అని, పక్కనే ఎర్ర అక్షరాల్లో ‘ఎక్కువ’ అని ఉంది. దాని గురించి ఫోన్‌లోనే వెతికితే మొదట కనిపించిన మాట ‘మెదడులో కణితి’. ఇంకేముంది, ఆ రాత్రంతా తనకి కంటి మీద కునుకు లేదు. తెల్లవారుజామున నాకు ఫోన్ చేసి, “తలలో గడ్డ ఉందేమో అక్కా” అని ఏడ్చింది.

చివరికి తేలిన కారణం వేరు. అది తన హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. ఆ సంగతి మందుల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

అప్పుడు నేను తెలుసుకున్నదీ, తర్వాత డాక్టర్లను అడిగి సరిచూసుకున్నదీ ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను. వరుస అనే మాట ఊరికే వాడలేదు. ప్రొలాక్టిన్ పెరగడానికి కారణాలు చాలా ఉన్నాయి. తేలిగ్గా తేలిపోయేవి ముందు చూడాలి, స్కాన్ లాంటివి తర్వాత. ఈ వరుస తప్పితే అవసరం లేని ఎంఆర్ఐ చేయించుకుని భయపడతారు. లేదంటే అసలు కారణం అలాగే ఉండగా అంకెను తగ్గించే మాత్ర మింగుతూ ఉంటారు. నేను రెండూ చూశాను. ఇది చదివి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేయకండి, సిద్ధపడి వెళ్లండి.

ముందుగా, ఈ హార్మోన్‌కి ఉన్న బ్రేక్ సంగతి

మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. దాన్ని పీయూష గ్రంథి అంటాం, డాక్టర్లు పిట్యూటరీ అంటారు. ప్రొలాక్టిన్ అక్కడి నుంచే వస్తుంది. తల్లికి పాలు పడేలా చేయడం దీని ముఖ్యమైన పని. మగవాళ్ల ఒంట్లోనూ, పిల్లలు లేని ఆడవాళ్ల ఒంట్లోనూ ఇది కొద్ది మోతాదులో ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి రిపోర్ట్‌లో ఈ పేరు కనిపించడమే తప్పు కాదు.

ఈ గ్రంథి నుంచి వచ్చే మిగతా హార్మోన్లు చాలావరకు మెదడులో దానికి పైనున్న హైపోథాలమస్ అనే భాగం ఆర్డర్ వేస్తేనే కదులుతాయి. ప్రొలాక్టిన్‌ది మాత్రం తలకిందుల వ్యవహారం. వదిలేస్తే అది తనంతట తానే తయారవుతూ పోతుంది. అలా పోకుండా హైపోథాలమస్ ఒక సన్నటి కాడ గుండా డోపమైన్ అనే రసాయనాన్ని కిందికి పంపుతూ, దాన్ని రాత్రీ పగలూ తొక్కిపెట్టి ఉంచుతుంది. డోపమైనే బ్రేక్ అన్నమాట.

ఈ ఒక్క ముక్క మనసులో ఉంచుకుంటే కింద చెప్పే కారణాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. కొన్ని మందులు ఆ బ్రేక్ పడకుండా అడ్డుపడతాయి. ఏదైనా గడ్డ ఆ కాడను నొక్కితే డోపమైన్ కిందికి దిగదు. గర్భంలో ఈస్ట్రోజన్ పెరిగినా, థైరాయిడ్ బాగా తగ్గినా, బిడ్డ పాలు తాగినా యాక్సిలరేటర్ నొక్కినట్టవుతుంది. కొందరిలో ప్రొలాక్టిన్ తయారుచేసే కణాలే గుంపుగా పెరిగి గడ్డ కడతాయి. కిడ్నీలు దెబ్బతింటే, తయారైన హార్మోన్ బయటికి పోక రక్తంలోనే పోగవుతుంది.

ఇంతకీ అది పెరిగితే నష్టమేమిటి? ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉన్నప్పుడు, అండాశయాలనూ వృషణాలనూ నడిపించే సంకేతాలను మెదడు తగ్గించేస్తుంది. పాలిచ్చే తల్లికి కొన్నాళ్లు నెలసరి రాకపోవడానికి కారణం ఇదే. బిడ్డ లేకుండానే అది పెరిగితే పీరియడ్స్ తప్పుతాయి, అండం విడుదల కాదు, గర్భం నిలవదు, రొమ్ముల నుంచి పాలలాంటి ద్రవం రావచ్చు. మగవాళ్లలో టెస్టోస్టిరాన్ పడిపోతుంది. ఇలా ఏళ్ల తరబడి సాగితే ఎముకలు పలచబడతాయి.

దీని పేరు పావురాల దగ్గర పుట్టింది. పావురాలు పిల్లలకు గొంతు సంచిలో తయారయ్యే పాలలాంటి పదార్థాన్ని పెడతాయి. 1930లలో ఆస్కర్ రిడిల్ అనే శాస్త్రవేత్త వాటి మీద పరిశోధన చేస్తూ ఈ హార్మోన్‌కి పేరు పెట్టాడు. మనుషుల్లో ఇది గ్రోత్ హార్మోన్‌కి వేరుగా ఉంటుందని గట్టిగా తేలింది మాత్రం 1970ల మొదట్లోనే. మన అమ్మమ్మల కాలంలో పిల్లలు కలగకపోవడానికి ఇదొక కారణమని చెప్పే పరీక్షే లేదు. ఎంతమంది ఊరికే మాటలు పడ్డారో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

1. అంకె పక్కనున్న యూనిట్ చూడండి

ప్రొలాక్టిన్‌ను రెండు రకాల కొలతల్లో రాస్తారు. ఒకటి మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములు అని. ఇంకొకటి లీటరుకు ఇన్ని మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు అని. మొదటి దాన్ని సుమారుగా 21తో గుణిస్తే రెండోది వస్తుంది. అంటే ఒక ల్యాబ్‌లో 25 అని వచ్చినదే ఇంకో ల్యాబ్‌లో 530 అని కనిపిస్తుంది. పాత రిపోర్ట్‌లో 30, కొత్త దాంట్లో 600 చూసి ఇరవై రెట్లు పెరిగిందని గుండె జారిపోయినవాళ్లు ఉన్నారు. అసలు పెరిగిందేమీ లేదు.

నానోగ్రాముల లెక్కలో, గర్భం లేని ఆడవాళ్లకు సుమారు 25 వరకు, మగవాళ్లకు 15 నుంచి 20 వరకు మామూలుగా తీసుకుంటారు. ల్యాబ్‌ను బట్టి ఈ హద్దు కొంచెం అటూ ఇటూ మారుతుంది కాబట్టి మీ రిపోర్ట్‌లోనే రాసి ఉన్న హద్దుతో పోల్చండి. ఇక్కడి నుంచి నేను చెప్పే అంకెలన్నీ నానోగ్రాముల్లోనే.

2. కొద్దిగానే పెరిగి ఉంటే, పరీక్ష సరిగ్గా మళ్లీ చేయించండి

ప్రొలాక్టిన్ చాలా సున్నితమైనది. నిద్రలో పెరుగుతుంది, తెల్లవారుజామున ఇంకా ఎక్కువగా ఉంటుంది. ఒళ్లు అలిసేలా వ్యాయామం చేసినా, కలయిక తర్వాత, కడుపునిండా తిన్నాక, చనుమొనలు తాకిడికి గురైనా పెరుగుతుంది. సూది చూసి భయపడినా పెరుగుతుంది. అందుకని హద్దు దాటి కొంచెమే పెరిగినప్పుడు, ఒక్క రిపోర్ట్ పట్టుకుని ఏ నిర్ణయానికీ రాకూడదు.

రెండోసారి వెళ్లేటప్పుడు నిద్ర లేచాక కనీసం రెండు గంటలు గడవనివ్వండి. ముందు రోజు సాయంత్రం నుంచి జిమ్, పరుగు, కలయిక వద్దు. రొమ్ముల పరీక్ష కూడా అదే రోజు పెట్టుకోకండి. పెద్ద భోజనం చేసి వెళ్లకండి. ల్యాబ్‌కి ఉరుకులు పరుగులతో వెళ్లి, మెట్లెక్కి, రొప్పుతూ చెయ్యి చాపకండి. ఇరవై నిమిషాలో అరగంటో కూర్చుని ఊపిరి కుదుటపడ్డాక రక్తం ఇవ్వండి. సూదంటే మరీ భయమైతే ఆ మాట ముందే చెప్పండి. నరంలో చిన్న గొట్టం పెట్టి, కాసేపు పడుకోబెట్టి, భయం తగ్గాక శాంపిల్ తీసే పద్ధతి ఉంది.

జుట్టు కోసం, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల ఫలితం తప్పుగా వస్తుంది. ప్రొలాక్టిన్ విషయంలో అసలు కన్నా తక్కువగా కనిపించవచ్చు. రెండు మూడు రోజుల ముందు ఆపితే చాలావరకు సరిపోతుంది. మోతాదు పెద్దదైతే ఎన్ని రోజులు ఆపాలో ల్యాబ్‌లో అడగండి. ఫిట్స్ వచ్చిన వెంటనే కూడా ప్రొలాక్టిన్ కాసేపు పైకి పోతుంది. ఆ రోజు తీసిన రక్తం లెక్కలోకి రాదు.

ఒక హెచ్చరిక. టెన్షన్ వల్ల పెరిగేది కొద్దిగానే ఉంటుంది. 100 దాటి వచ్చినప్పుడు “ఆ రోజు కంగారుపడ్డానులే” అని మీకు మీరు సర్దిచెప్పుకోకండి. అప్పుడు తర్వాతి మెట్టు ఎక్కాల్సిందే.

3. గర్భం ఉందేమో చూడండి

ఇది చిన్న మెట్టు, కానీ దాటేయకండి. పీరియడ్స్ ఆగి ప్రొలాక్టిన్ పెరిగిందంటే మొట్టమొదట చేయాల్సింది గర్భ పరీక్ష. గర్భిణికి ప్రొలాక్టిన్ నెలనెలా పెరుగుతూ, కాన్పు నాటికి 200కి, కొందరిలో అంతకన్నా పైకి పోతుంది. అది జబ్బు కాదు. బిడ్డకు పాలిస్తున్నవాళ్లకూ ఎక్కువే ఉంటుంది. పాలు మాన్పించిన తర్వాత కూడా కొన్ని నెలలు రెండు మూడు చుక్కలు రావడం మామూలే.

అలా వస్తున్నప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఇంకా వస్తున్నాయా, ఆగాయా అని రోజూ నొక్కి చూసుకుంటారు. నొక్కిన ప్రతిసారీ బిడ్డ పాలు తాగుతున్నట్టే మెదడుకి కబురు పోతుంది, ప్రొలాక్టిన్ పెరుగుతుంది, మళ్లీ పాలు వస్తాయి. చెయ్యి పెట్టడం మానేస్తేనే కొందరిలో ఆగిపోతాయి. ఛాతీ మీద కాలిన గాయాలు, ఆపరేషన్, అక్కడ వచ్చిన హెర్పిస్ పొక్కులు కూడా అవే నరాల గుండా అదే కబురు పంపుతాయి.

4. ఇంట్లో ఉన్న మందులన్నీ మంచం మీద పరవండి

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఎక్కువమంది అసలు చూడనిదీ ఇదే. “మందులేమైనా వాడుతున్నారా?” అని డాక్టర్ అడిగితే మా చెల్లి లేదనే చెప్పింది. అబద్ధం కాదు. గ్యాస్ మాత్రను మందుగా తను లెక్కలోనే వేసుకోలేదు.

ఆ రోజు తన బ్యాగ్ తీసి బోర్లించాం. దువ్వెన, బిల్లులు, హెయిర్ బ్యాండ్లు, వాటి మధ్యలో సగం వాడేసిన క్యాప్సూల్స్ స్ట్రిప్. ముందువైపు కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. వెనక్కి తిప్పితే, చిట్లిన వెండి రేకు మీద చీమ తలకాయంత అక్షరాలు. ఫోన్ టార్చ్ వేసి చదివాను. ‘రాబెప్రజోల్’ అని ఉంది. దాని కింద వరుసలో ‘లెవోసల్పిరైడ్’ అని ఉంది. నాలుగు నెలల కింద కడుపు ఉబ్బరమని ఎవరో రాసిచ్చారు. ఆ చీటీ అయిపోయినా, బాగా పనిచేస్తోందని తనే కొనుక్కుని రోజూ ఉదయం వేసుకుంటోంది. పీరియడ్స్ గడబిడ మొదలై మూడు నెలలు.

రాబెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి కడుపులో యాసిడ్ తగ్గించే మందులు. చాలామంది విషయంలో ఇబ్బంది వాటితో కాదు, వాటికి జోడీగా అదే క్యాప్సూల్‌లో కలిపే రెండో మందుతో. లెవోసల్పిరైడ్, డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ అనే ఈ మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. కడుపు త్వరగా ఖాళీ కావడానికీ, వాంతులు తగ్గడానికీ ఇస్తారు. ఇవి డోపమైన్ పనిని అడ్డుకుంటాయి. బ్రేక్ పడకపోతే బండి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మైగ్రేన్ కోసం వాడే కొన్ని మాత్రల్లో కూడా వాంతులు రాకుండా వీటిలో ఒకదాన్ని కలుపుతారు. పాలు పడటం లేదని బాలింతలకు డోంపెరిడోన్ ఇచ్చే డాక్టర్లు ఉన్నారు. అక్కడ ప్రొలాక్టిన్ పెంచడం కోసమే ఇస్తారు.

రెండో పెద్ద గుంపు మానసిక ఆరోగ్యానికి వాడే మందులు. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, అమిసల్పిరైడ్, హాలోపెరిడాల్ బాగా పెంచుతాయి. రిస్పెరిడోన్‌తో 200 దాటినవాళ్లు కూడా ఉంటారు. ఒలాన్జపైన్ కొంచెం పెంచుతుంది. క్వెటియాపైన్, క్లోజపైన్‌లతో పెద్దగా పెరగదు. అరిపిప్రజోల్ అయితే ఉల్టా తగ్గిస్తుంది. డిప్రెషన్‌కి వాడే మందులతో పెరిగితే ఎక్కువమందిలో కొద్దిగానే పెరుగుతుంది. ఇవి కాక బీపీకి వాడే వెరాపమిల్, మిథైల్‌డోపా, నల్లమందు జాతి నొప్పి మందులు, ఎక్కువ మోతాదు ఈస్ట్రోజన్ కూడా ఈ జాబితాలోవే.

ఇక చేయాల్సిన పని. గత ఆరు నెలల్లో మీ నోట్లో పడిన ప్రతి మాత్రా బయటికి తీయండి. రోజూ వేసుకునేవి, ఎప్పుడైనా వేసుకునేవి, ఇంట్లోవాళ్ల డబ్బాలోంచి తీసుకున్నవి, పొడులు, ఇంజెక్షన్ చీటీలు, అన్నీ. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కాగితం మీద రాయండి. పక్కన ఏ నెలలో మొదలుపెట్టారో రాయండి. దాని పక్కన మీ ఇబ్బంది ఏ నెలలో మొదలైందో రాయండి. రెండు తేదీలూ ఒకదాని వెనక ఒకటి వస్తే సగం జవాబు దొరికినట్టే.

గ్యాస్ మాత్ర లాంటిది కారణమని అనుమానం వస్తే, డాక్టర్‌తో మాట్లాడి కనీసం మూడు రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేయిస్తారు. మా చెల్లి డాక్టర్ ఆ క్యాప్సూల్ మాన్పించి, లెవోసల్పిరైడ్ కలపని మాత్ర రాశారు. పది రోజుల తర్వాత చూస్తే ప్రొలాక్టిన్ 17. ఆ తర్వాతి నెల పీరియడ్స్ వచ్చాయి. ఎంఆర్ఐ అవసరమే పడలేదు.

కానీ మానసిక ఆరోగ్య మందుల విషయంలో మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపవద్దు. ఇది చేతులు జోడించి చెబుతున్నాను. ప్రొలాక్టిన్ 90 ఉండటం వల్ల ఈ వారంలో జరిగే ప్రమాదం లేదు. మందు ఆపితే జబ్బు తిరగబడే ప్రమాదం ఈ వారంలోనే ఉంది. సైకియాట్రిస్ట్‌కి రిపోర్ట్ చూపించి, “దీనివల్లేనా? మోతాదు తగ్గించవచ్చా? మందు మార్చవచ్చా? అరిపిప్రజోల్ కలపవచ్చా?” అని అడగండి. ప్రొలాక్టిన్ తగ్గించే మందులు డోపమైన్ పనిని పెంచుతాయి కాబట్టి కొందరిలో మానసిక జబ్బు ముదరవచ్చు. అందుకే వేరే డాక్టర్ ఆ మాత్ర రాసినా సైకియాట్రిస్ట్‌కి చెప్పకుండా మొదలుపెట్టకండి. నెలకోసారి వేసే ఇంజెక్షన్ వాడేవాళ్లకు, ఆపిన తర్వాత కూడా మందు ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. మూడు రోజుల లెక్క వాళ్లకు వర్తించదు.

5. థైరాయిడ్, కిడ్నీ, లివర్

మందుల్లో ఏమీ దొరకలేదంటే తర్వాత చూడాల్సింది టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష. థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు దాన్ని లేపడానికి హైపోథాలమస్ ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతమే ప్రొలాక్టిన్ కణాలను కూడా రెచ్చగొడుతుంది. బాగా ముదిరిన హైపోథైరాయిడ్‌లో పీయూష గ్రంథి మొత్తం ఉబ్బుతుంది కూడా. థైరాయిడ్ చూడకుండా ముందే ఎంఆర్ఐ తీస్తే ఆ ఉబ్బును గడ్డ అనుకునే ప్రమాదం ఉంది. థైరాక్సిన్ మాత్ర వాడితే థైరాయిడ్‌తో పాటే ప్రొలాక్టిన్ దిగుతుంది, ఉబ్బూ తగ్గుతుంది. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కంగారు పడకండి.

కిడ్నీల కోసం చేసే క్రియాటినిన్, లివర్ పరీక్షలు కూడా అదే శాంపిల్‌తో చేయించవచ్చు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో, సిర్రోసిస్ (లివర్ గట్టిపడి దెబ్బతినడం) ఉన్నవాళ్లలో ప్రొలాక్టిన్ పెరగడం తెలిసిన విషయమే.

అండాశయాల్లో నీటి బుడగల సమస్య అని చెప్పుకునే పీసీఓఎస్ గురించి ఒక మాట. ఆ సమస్య ఉన్న కొందరిలో ప్రొలాక్టిన్ స్వల్పంగా పెరిగి కనిపిస్తుంది. అంతమాత్రాన “పీసీఓఎస్ ఉందిగా, అందుకే” అని అక్కడితో ఆపేయకూడదు. ఆ పేరు చాటున థైరాయిడో మందో గడ్డో కనబడకుండా ఉండిపోవచ్చు.

6. లక్షణాలు లేకుండా అంకె ఒక్కటే ఎక్కువుంటే

పీరియడ్స్ టంచనుగా వస్తున్నాయి, పాలు రావడం లేదు, ఇంకే ఇబ్బందీ లేదు, అయినా రిపోర్ట్ మాత్రం ప్రతిసారీ 60, 70 చూపిస్తోంది. ఇలాంటప్పుడు మాక్రోప్రొలాక్టిన్ పరీక్ష అడగండి.

కొందరి రక్తంలో ప్రొలాక్టిన్ యాంటీబాడీలకు అతుక్కుని పెద్ద పెద్ద ముద్దలుగా తిరుగుతుంది. ఆ ముద్దలు అంత తేలిగ్గా బయటికి పోవు, కణాల మీద పెద్దగా పనీ చేయవు. యంత్రం మాత్రం వాటినీ కలిపి లెక్కపెడుతుంది. పెగ్ అనే రసాయనం కలిపితే ఆ ముద్దలు అడుగుకు దిగిపోతాయి. పైన మిగిలినదాన్ని కొలిస్తే అసలు ప్రొలాక్టిన్ ఎంతో తెలుస్తుంది. కలిపాక అంకె సగానికి పైగా పడిపోయి మామూలు హద్దులోకి వచ్చిందంటే మందూ వద్దు, స్కానూ వద్దు. ఇదేమీ అరుదైన సంగతి కాదు. చాలామందికి ఈ పరీక్ష ఉన్నట్టే తెలియకపోవడం వల్ల ఏళ్లపాటు మాత్రలు మింగుతారు. ఎప్పుడు మళ్లీ చూపించుకున్నా “నాది మాక్రోప్రొలాక్టిన్” అని చెప్పండి. లేకపోతే కొత్త డాక్టర్ దగ్గర కథ మొదటికొస్తుంది.

7. ఎంఆర్ఐ ఎప్పుడు

పై మెట్లన్నీ అయ్యాక కూడా కారణం దొరకకపోతే, లేదా అంకె మొదటే బాగా ఎక్కువగా ఉంటే, పీయూష గ్రంథికి ఎంఆర్ఐ తీయాలి. మెదడు మొత్తానికి తీసే మామూలు ఎంఆర్ఐ కాదు. ఆ గ్రంథిని దగ్గరగా, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చి చూసేది. చీటీలో అలా రాసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఒకే పరీక్షకు రెండుసార్లు వెళ్లాల్సి వస్తుంది.

ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డను ప్రొలాక్టినోమా అంటారు. 10 మిల్లీమీటర్ల లోపుంటే చిన్నది, 10 అయినా అంతకన్నా ఎక్కువైనా పెద్దది. ఇది దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ‘మెదడులో కణితి’ అనగానే మనసులో మెదిలే బొమ్మకీ దీనికీ చాలా దూరం. ఆపరేషన్ లేకుండా, చాలామందికి వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే క్యాబర్గోలిన్ మాత్రతోనే అంకె దిగుతుంది, గడ్డ కుంచించుకుపోతుంది. ఇదీ డోపమైన్ పని చేసే మందే. పోయిన బ్రేక్‌ను మళ్లీ వేయడం అన్నమాట. బ్రోమోక్రిప్టిన్ పాత మందు, రోజూ వేసుకోవాలి. మొదట్లో వికారం, కళ్లు తిరగడం ఉంటాయి కాబట్టి కొద్ది మోతాదుతో రాత్రి పడుకునే ముందు మొదలుపెడతారు. ఈ మందులు వాడేటప్పుడు కొందరిలో జూదం, విపరీతంగా కొనడం, అదుపులేని కోరికలు కొత్తగా మొదలవుతాయి. ఇంట్లో ఒకరికైనా ఈ విషయం చెప్పి ఉంచండి. వేసుకునే మనిషికి ఆ మార్పు తెలియకపోవచ్చు.

అంకెకీ గడ్డ సైజుకీ పొంతన ఉండాలి. 250 దాటితే ప్రొలాక్టినోమా అయ్యే అవకాశం గట్టిగా ఉంది, 500 దాటితే పెద్ద గడ్డ అనే అనుకోవాలి. స్కాన్‌లో పెద్ద గడ్డ కనిపించి ప్రొలాక్టిన్ మాత్రం 60, 80 దగ్గరే ఉంటే రెండు అర్థాలు. ఒకటి, ఆ గడ్డ వేరే రకానిది. అది డోపమైన్ దిగే కాడను నొక్కుతోంది, అందుకే ప్రొలాక్టిన్ కొంచెం పెరిగింది. రెండు, రక్తంలో హార్మోన్ మరీ విపరీతంగా ఉండి యంత్రమే తికమకపడి తక్కువ చూపిస్తోంది. శాంపిల్‌ను 100 రెట్లు పలచన చేసి మళ్లీ కొలిస్తే నిజం బయటపడుతుంది. ఈ రెండింటికీ వైద్యం పూర్తిగా వేరు. ఒకదానికి ఆపరేషన్ కావాల్సి రావచ్చు, ఇంకొకదానికి మాత్ర సరిపోవచ్చు. కాబట్టి పెద్ద గడ్డ, చిన్న అంకె కలిసి వస్తే “పలచన చేసి చూశారా?” అని తప్పకుండా అడగండి. చేతులు, కాళ్లు, ముఖం పెద్దవవుతున్నట్టు అనిపిస్తే గ్రోత్ హార్మోన్ కోసం ఐజీఎఫ్-1 అనే రక్త పరీక్ష కూడా చూస్తారు.

ఇక దీనికి తిరగేసిన సమస్య. ఏ జబ్బూ లేనివాళ్లకు ఎంఆర్ఐ తీసినా దాదాపు పదిమందిలో ఒకరికి ఈ గ్రంథిలో చిన్న మచ్చ కనిపిస్తుంది. దానివల్ల ఏ హానీ ఉండదు. గ్యాస్ మాత్ర వల్ల ప్రొలాక్టిన్ పెరిగిన మనిషికి తొందరపడి స్కాన్ తీసి, ఆ మచ్చ చూసి, రెండింటినీ ముడిపెడితే ఏమవుతుందో ఊహించండి. వరుస వరుస అని నేను పట్టుబట్టేది ఇందుకే.

వరుసతో పని లేకుండా పరుగెత్తాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. చూపు పక్కల నుంచి మూసుకుపోతున్నట్టు అనిపించడం, నడుస్తుంటే గుమ్మం అంచులు తగలడం, పక్కన వచ్చే బండి కనిపించకపోవడం, ఇవి గడ్డ కంటి నరాల్ని నొక్కుతోందని చెప్పే గుర్తులు. ఒక్కసారిగా తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు, చూపు తగ్గడం కలిసి వస్తే గ్రంథిలో రక్తస్రావం అయి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లో ఒక్క గంట కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మగవాళ్లకు వేరుగా

ఆడవాళ్లకు నెలసరి తప్పడమే గంట కొట్టినట్టు చెబుతుంది. మగవాళ్లకు అలాంటి గంట లేదు. కోరిక తగ్గుతుంది, అంగం గట్టిపడదు, నీరసం, కొందరిలో రొమ్ములు పెరగడం. వయసు అనుకుంటారు, పని ఒత్తిడి అనుకుంటారు, సిగ్గుతో నోరు విప్పరు. తలనొప్పో చూపు సమస్యో వచ్చే దాకా డాక్టర్ దగ్గరికి పోరు. మగవాళ్లలో బయటపడే ప్రొలాక్టినోమాలు ఎక్కువగా పెద్దవిగా ఉండటానికి ఈ ఆలస్యం ఒక కారణం. కోరిక తగ్గి నెలలు గడుస్తుంటే, టెస్టోస్టిరాన్‌తో పాటు ప్రొలాక్టిన్ కూడా చూడమని అడగండి. భర్త విషయంలో ఇది గమనించిన భార్య ఆ మాట నెమ్మదిగా ఎత్తితే అది పెద్ద సాయం.

డాక్టర్ దగ్గరికి ఏం తీసుకెళ్లాలి

గైనకాలజిస్ట్ దగ్గర మొదలుపెట్టినా పరవాలేదు. అంకె 100 దాటితే, గడ్డ కనిపిస్తే, లేదా కారణం తేలకపోతే హార్మోన్ల డాక్టర్, అంటే ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. పాత, కొత్త రిపోర్ట్‌లన్నీ తేదీల వరుసలో పెట్టుకోండి. ఎంఆర్ఐ అయితే రిపోర్ట్ కాగితంతో పాటు బొమ్మలు కూడా కావాలి.

మా చెల్లి పట్టుకెళ్లింది ఒక్క కాగితమే. పైన చివరి మూడు పీరియడ్స్ తేదీలు. వాటి కింద రక్తం ఇచ్చిన రోజు ఎన్నింటికి నిద్రలేచింది, ఎన్నింటికి రక్తం ఇచ్చింది. ఆ కింద మందుల పేర్లు, మొదలుపెట్టిన నెలలు. టీఎస్‌హెచ్ ఎంతుందో ఒక వరుస. పాలు వస్తున్నాయా, తలనొప్పి ఉందా, చూపు ఎలా ఉంది, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామా అన్నవాటికి అవును, కాదు అని. అడుగున స్ట్రిప్ ముక్కను కత్తిరించి, వెనకవైపు పైకి కనిపించేలా టేపుతో అంటించింది. డాక్టర్ కళ్లద్దాలు సవరించుకుని ఆ ముక్కనే ముందు చదివారు.